పొగగొట్టం మీద గురి

పడవ నడిపేవాడికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. తాను ఎక్కడికి పోతున్నాడో చూడనక్కర్లేదు. చేరాల్సిన ఒడ్డుకు వీపు పెట్టి, వదిలి వచ్చిన ఒడ్డును కళ్లారా చూసుకుంటూ, రెండు చేతులా తెడ్లు లాగుతాడు. మరే పనైనా ఇలా వెనక్కి తిరిగి చేస్తే పక్కవాళ్లు నెత్తిన మొట్టికాయ వేస్తారు. ఈ పనిలో మాత్రం దాన్ని నేర్పు అంటారు.

ఆ నేర్పులో తనను మించినవాడు నదికి రెండు వైపులా లేడని సరంగు అభిప్రాయం. నలభై రెండేళ్లుగా ఇవతలి రేవు నుంచి అవతలి రేవుకు మనుషుల్ని చేరవేస్తున్న మనిషి కాబట్టి అందరూ ఆయన్ని సరంగు అనే పిలిచేవారు. అసలు పేరు ఇంట్లోవాళ్లకు కూడా కాసేపు ఆలోచిస్తే గానీ గుర్తొచ్చేది కాదు. ఆయన అభిప్రాయాన్ని ఎవరూ కాదనలేదు. కాదంటే అవతలి ఒడ్డు వచ్చేదాకా ఉపన్యాసం వినాలి, నది మధ్యలో దిగిపోదామంటే కుదరదు.

కాదనకపోయినా ఉపన్యాసం తప్పేది కాదనుకోండి, అది వేరే సంగతి.

"నది ఊరికే ఉండదండీ, పడవని పక్కకి లాగుతూనే ఉంటుంది. మరి వెనక్కి తిరిగి కూర్చున్నవాడు సూటిగా ఎలా పోతాడు? బయల్దేరిన ఒడ్డు మీద రెండు గుర్తులు పెట్టుకోవాలి. ఒకటి దగ్గరిది, ఒకటి దూరానిది. అదిగో, పెంకుల ఫ్యాక్టరీ పొగగొట్టం. దాని వెనక దిబ్బ మీద తెల్లగా నీళ్ల ట్యాంకు. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నంతసేపూ మనం గీత గీసినట్టు పోతున్నట్టే. పొగగొట్టం పక్కకి జరిగిందా, పడవ దారి తప్పినట్టు. ఒక చెయ్యి గట్టిగా లాగాలి, రెండిటినీ మళ్లీ కలపాలి. పడవ నడపడమంటే అంతే. మిగిలిందంతా ఒళ్లునొప్పులు."

ప్రయాణికులు ఆయన చెప్పిన వైపు చూసేవారు. తర్వాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. తర్వాత "అబ్బో" అనేవారు. ఆ అబ్బోని సరంగు మెప్పుగానే పుచ్చుకునేవాడు.

ఆయనకు ఎదురుగా, పడవ వెనక కొసన ఉన్న పలక మీద కోడలు కూర్చునేది. కట్టుతాడు విప్పడం, ప్రయాణికుల్ని బరువు చూసి అటూ ఇటూ సర్దడం ఆమె పని. రెండు వానాకాలాల కిందట ఆయన జ్వరంతో నెలన్నర మంచం పట్టి లేచాక, తోడుగా ఉంటానంటూ తనంతట తనే వచ్చి పడవెక్కింది. నిజానికి రావాల్సింది కొడుకు. కానీ అతగాడికి నీళ్లంటే భయం. గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టుకుని, గోడకున్న క్యాలెండరులో ఒక నెల మీద నది బొమ్మ వస్తే ఆ నెలంతా పాత కాగితమే ఉంచుకున్న మనిషి.

కోడలి మీద సరంగుకు చాలా ఫిర్యాదులుండేవి. వాటిలో ముఖ్యమైనది గొడుగు. "ఎండ మాడ్చేస్తున్నా గొడుగు తెరవదు. మూసిన గొడుగుని తల కంటే ఎత్తుగా, నిటారుగా పట్టుకుని కాపలావాడిలా కూర్చుంటుంది. గొడుగు దేనికో తెలియని మనిషికి తెడ్డు దేనికో ఏం తెలుస్తుంది?" అని తోటి పడవవాళ్లతో అనేవాడు. వాళ్లూ "అబ్బో" అనేవారు.

తిరుగు ప్రయాణంలో మాత్రం "మీరు అలిసిపోయారు మామయ్యా, ఇటివ్వండి" అంటూ ఆమె తెడ్లు అందుకునేది. ఆయన పెద్దమనసు చేసుకుని ఇచ్చేవాడు. ఇంటిదారి పశువుకు కూడా తెలుస్తుంది, అందులో నేర్పేముంది? తాను వెనక కొసకు మారి, తెడ్డు లోతుగా ముంచకు, నీళ్లని గీరకు, చేతులతో కాదు వీపుతో లాగు అని దారిపొడుగునా చెబుతూ పోయేవాడు. ఆమె అలాగే అంటూ, మధ్యమధ్య భుజం మీదుగా తలతిప్పి చూసుకుంటూ, పడవని తెచ్చి రేవు మెట్టుకు ఆనించేది. ఆ తలతిప్పి చూడటం చూస్తే, చూస్తే ఏమిటి, ఆమె కూర్చున్న పలక కిర్రుమనడం వింటేనే ఆయనకు ఒళ్లుమంట. "నలభై రెండేళ్లలో ఒక్కసారి తలతిప్పి ఎరగను. గురి ఉన్నవాడికి దిక్కులు చూడాల్సిన పనేంటి?" అనేవాడు.

ఈ రెండేళ్లలో ఆయన గమనించిన మరో సంగతి, నది మీద పొగమంచు బాగా ఎక్కువైంది. పూర్వం పొద్దెక్కేసరికి విడిపోయేది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా ఉంటోంది. ఈ మధ్య ఇళ్లలోకి కూడా వస్తోంది. కాలాలు మారిపోయాయని ఆయన తరచూ బాధపడేవాడు.

ఇలా ఉండగా రేవుల ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. అంగుళం అంగుళానికీ గీతలు పెట్టిన పొడవాటి చెక్క కర్ర ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉండేది. వచ్చిన రోజే దానితో బల్లలు, కిటికీలు, గుమాస్తా కుర్చీ కొలిచాడు. మూడో రోజుకల్లా పడవవాళ్లు ఆయనకు కొలకర్ర అని పేరు పెట్టేశారు. పదకొండో రోజున నిబంధనలు వెలువడ్డాయి. పడవ నడిపేవాళ్లంతా పరీక్షలో నెగ్గి అనుమతి పత్రం పుచ్చుకోవాలి. పడవకు ఒకటే పత్రం. ఒకే ఇంటి నుంచి ఇద్దరు నిలబడితే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకే తెడ్లు. పత్రం లేనివాళ్లు ప్రయాణికులుగా తప్ప పడవలో కాలు పెట్టకూడదు. అప్పటికి కొలకర్ర జన్మలో పడవ ఎక్కి ఎరగడు. అందుకే నిబంధనలు అంత స్పష్టంగా వచ్చాయి.

గుమాస్తా పేర్ల జాబితా చదువుతున్నప్పుడు సరంగుకు తెలిసింది, తన పేరు కింద కోడలి పేరు కూడా ఉందని. ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర కంచాలు తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు. చివరికి ఆయనే అన్నాడు.

"నా తెడ్ల మీద కన్నేశావన్నమాట."

"లేదు మామయ్యా. ఎవరో ఒకరికి రావాలి కదా. లేకపోతే పడవ పోతుంది."

"నేనుండగా ఎవరో ఒకరేంటి?"

కొడుకు కల్పించుకుని, "ఇద్దరూ నిలబడితే తప్పేముంది నాన్నా," అన్నాడు.

"నువ్వాగు. బకెట్లో నీళ్లు కదిలితే గుమ్మం బయటికి పరిగెత్తేవాడివి, నువ్వు కూడా పడవల గురించి చెబుతావా?"

పైకి అంత ఎగిరినా ఆయనకు లోపల భయం పట్టుకుంది. తెడ్లు పోతే తానెవరు? కిటికీ పక్కన ఒక కుర్చీ, అందులో ఒక ముసలివాడు. సరంగు అనే పేరు నీళ్ల మీద చెల్లుతుంది గానీ కుర్చీలో చెల్లదు. ఈ ఒక్క పరీక్ష గట్టెక్కితే చాలు, చచ్చేదాకా తన తెడ్లు తనవే. గట్టెక్కకపోతే తన ఇంట్లో తనే ప్రయాణికుడు. ఇంత మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనే అలవాటు లేదు.

మొదట కళ్ల పరీక్ష. ఆఫీసు గోడకు ఒక అట్ట వేలాడదీసి, దాని మీద పెద్దవి మొదలుకుని చిన్నవి దాకా అక్షరాలు రాశారు. పన్నెండు పడవలవాళ్లూ వరుసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు అవే అక్షరాలు గొంతెత్తి చదివారు. పెద్దవాడని సరంగుకు కుర్చీ వేసి చివర్లో పిలిచారు. పద్దెనిమిది మంది చదవగా విన్నవాడికి ఎక్కం అప్పజెప్పడం ఎంతసేపు? గదిలో పొగమంచు దట్టంగా ఉన్నా ఆయన గడగడా చదివేశాడు. గుమాస్తా నాలుగో వరుస దాకా చూపిస్తే అడగని అయిదో వరుస కూడా కలిపి చెప్పాడు. ఇంత ఉత్సాహం ఉన్న కళ్లు తాను చూడలేదని గుమాస్తా రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నది మీద పరీక్ష. రోజుకొక పడవ. మొదటి పడవ సరంగుదే. వెళ్లేటప్పుడు ఆయన, వచ్చేటప్పుడు కోడలు నడపాలి. పడవలో అధికారి తప్ప మరొకరు ఉండకూడదు. కోడలు ముందుగానే వేరే పడవలో అవతలి రేవుకు వెళ్లి మెట్ల మీద నిలబడింది. వెళ్లేముందు "మామయ్యా, పోనీ మీరు వచ్చేటప్పుడు నడపండి, వెళ్లేటప్పుడు నేను," అని రెండుసార్లు అడిగింది. ఆయనకు నవ్వొచ్చింది. సులువైన వైపు తనకిచ్చి జాలి చూపిస్తోందా, లేక ముందు వెళ్లి మార్కులు కొట్టేద్దామనా?

అధికారి వెనక కొసన, రోజూ కోడలు కూర్చునే చోటే కూర్చున్నాడు. పడవ కదలగానే ముఖం పాలిపోయింది గానీ అది సరంగుకు కనిపించే విషయం కాదు. ధైర్యం కోసం కొలకర్రను రెండు చేతులా పట్టుకుని ఎదురుగా నిలబెట్టుకున్నాడు. సరంగు తెడ్లు ముంచాడు. ఎప్పటిలాగే మంచు. అయినా పొగగొట్టం మాత్రం ఎన్నడూ లేనంత నిటారుగా, నాజూగ్గా నిలబడి ఉంది. దాని వెనక తెల్లటి మచ్చలా ట్యాంకు. ఆయన ఒళ్లు పులకరించింది.

"చూశారా అయ్యా, పొగగొట్టం, వెనక ట్యాంకు," అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అధికారి గట్టిగా కళ్లు మూసుకుని, "ఊఁ" అన్నాడు.

నది మధ్యకు వచ్చేసరికి గాలి లేచింది. ఎడమ వైపు నుంచి తుంపర పడుతుంటే అధికారి కర్రతో సహా కుడివైపుకు ఒరిగాడు. పొగగొట్టం పక్కకు జరగడం సరంగు కనిపెట్టేశాడు. 'ఇవాళ ప్రవాహం జోరు మీదుంది, నా దగ్గరా నీ ఆటలు?' అనుకుంటూ ఒక తెడ్డు బలంగా లాగి రెండిటినీ కలిపాడు. అధికారి ఇంకాస్త ఒరిగాడు. సరంగు ఇంకాస్త లాగాడు. అధికారి ఎటు వంగితే పడవ అటు పోయింది. ఆ ఆఫీసులో మిగతా పనులు కూడా అలాగే నడిచేవి కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

పడవ ముక్కు ఒడ్డుకు తగిలింది. "రేవు వచ్చిందయ్యా, మెట్టు చూసుకుని దిగండి," అంటూ సరంగు తనే ముందు దిగాడు. మెట్టు తగలాల్సిన కాలికి బురద తగిలింది. ముక్కుకు తారు వాసన, కొయ్యపొట్టు వాసన తగిలాయి. అది రేవు కాదు. రేవుకు బాగా దిగువన, పడవలు బాగుచేసే వడ్రంగి దొడ్డి.

"ఏంటి బావా, ఇక్కడ..." అంటూ వడ్రంగి ఉలి పట్టుకుని ఎదురొచ్చాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ బావా బావా అనుకునే స్నేహితులు. సరంగు గొంతు వినిపించిన వైపుకు నడిచి స్నేహితుడి పాదం వెతుక్కుని గట్టిగా తొక్కాడు. వడ్రంగి నోరు మూసుకున్నాడు.

అధికారి బురదలో దిగబడి, చుట్టూ చూసి నివ్వెరపోయాడు. "ఇదా ప్రధాన రేవు? మెట్లు లేవు! పైకప్పు లేదు! కనీసం బోర్డు లేదు!" కొలకర్రతో బురద లోతు కొలిచి రాసుకున్నాడు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి ఏది రేవో, ఏది దొడ్డో ఏం తెలుసు? సరంగుకు మాత్రం తెలుసు. అప్పుడే నోరు విప్పి 'అయ్యా, తప్పిపోయాను' అంటే అయిపోయేది. నోరు రాలేదు. ఒకవైపు ఆయన తెడ్లు, ఒకవైపు కిటికీ పక్క కుర్చీ, మధ్య రెండు మాటల దూరం. ఆయన తెడ్ల వైపే నిలబడ్డాడు.

ఒడ్డు వెంబడి ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చారు. రొప్పు వినగానే కోడలని తెలిసింది.

"మీరేనా రెండో అభ్యర్థి?" అన్నాడు అధికారి. "రేవులో ఉండమంటే ఎక్కడికి వెళ్లారు? ఆలస్యానికి అయిదు మార్కులు తీసేస్తున్నాను."

ఆమె రొప్పుతూ నిలబడిపోయింది. ఒక్క మాట చాలు. 'నేను రేవులోనే ఉన్నానండీ, మీరే తప్పు చోట దిగారు.' ఆ మాట కోసం సరంగు మెడ వంచుకుని ఎదురుచూశాడు.

"క్షమించండి, ఆలస్యమైంది," అంది కోడలు. పడవెక్కి తెడ్లు అందుకుంది.

పడవ వెళ్లిపోయాక సరంగు తడుముకుంటూ పోయి, తారు కాచే పొయ్యి పక్కన దాని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"ఎక్కడా తప్పలేదు బావా. ప్రమాణం చేసి చెబుతున్నా. పొగగొట్టం, ట్యాంకు, రెండూ ఒడ్డు తగిలేదాకా ఒకే గీతలో ఉన్నాయి."

"ఏ పొగగొట్టం?"

"ఏ పొగగొట్టమేంటి? పెంకుల ఫ్యాక్టరీది."

వడ్రంగి ఉలి కింద పెట్టాడు. "అది కూల్చేసి రెండు వానాకాలాలైంది బావా. నువ్వు జ్వరంలో ఉన్నప్పుడు పడగొట్టారు. దాని ఇటుకలు తెచ్చే నేనీ పొయ్యి కట్టుకున్నాను. నువ్వు ఆనుకుని కూర్చున్నది దాన్నే."

సరంగు వీపు వెనక చెయ్యి పెట్టి తడిమాడు. ఇటుకలు వెచ్చగా ఉన్నాయి. రెండేళ్లుగా రోజుకు నాలుగుసార్లు నది అవతల చూపిస్తూ వచ్చిన పొగగొట్టం వీపుకు తగులుతోంది.

"మరి నాకు కనిపించిందేంటి?"

"ఇవాళ కొలకర్ర పట్టుకున్న కర్ర. రోజూ అయితే నీ కోడలి గొడుగు. ఆమెకి ముందున్న ఒడ్డు కనిపిస్తుంది కదా. పడవ పక్కకి పోతున్నప్పుడల్లా గొడుగు కొంచెం జరుపుతుంది. నువ్వు లాగుతావు. ఎండలో ఊరికే ఎత్తి పట్టుకుందనుకున్నావా?"

"నీకు తెలుసా?"

"రేవంతా తెలుసు."

"నవ్వుకున్నారా?"

"మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత అలవాటైపోయింది," అన్నాడు వడ్రంగి. అబద్ధం చెప్పడం రాని స్నేహితుణ్ణి దగ్గర పెట్టుకుంటే ఇదే చిక్కు.

"ఇప్పుడెక్కడి దాకా వెళ్లింది?" అని అడిగాడు సరంగు.

"సగం దాటింది. గీత గీసినట్టు పోతోంది. అదిగో, తలతిప్పి చూసింది. అదిగో, మళ్లీ."

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. సరంగుకు నూటికి తొంభై ఆరు. 'మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడని ఆత్మవిశ్వాసం' అని అధికారి స్వహస్తాలతో రాశాడు. కోడలికి నలభై ఒకటి. 'పందొమ్మిది సార్లు వెనక్కి చూసింది. తన పని మీద తనకే నమ్మకం లేదు.' రేవు మెట్టుకు పడవని పువ్వు ఆనించినట్టు ఆనించిన సంగతి ఏ గడిలో రాయాలో ఆ కాగితంలో లేదు.

కొడుకు పత్రాన్ని అద్దం పెట్టించి తెచ్చి, మేకు కొట్టడానికి గోడ మీద చోటు వెతుకుతున్నాడు. సరంగు రేపటి సంగతి ఆలోచిస్తున్నాడు. రేపు పొద్దున్న పన్నెండు మంది ప్రయాణికులు ఎక్కుతారు, ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ పన్నెండు మందిని ఏ బండరాయికి కొడతాడో ఆయనకు తెలియదు. గెలిచిన మనిషికి ఇంత భయం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

కోడలు దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించి అంది. "మామయ్యా, రేపటి నుంచి నేను టికెట్టు కొనుక్కుని ఎక్కుతాను. ప్రయాణికురాలిగా కూర్చోవచ్చని రాశారు కదా. వెనకే కూర్చుంటాను. గొడుగు తెచ్చుకుంటే ఎవరూ కాదనరు."

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

"రెండేళ్లు ఎందుకు చెప్పలేదే?"

"చెబితే తెడ్లు దించేసేవారు. దించి ఇంట్లో కూర్చునేవారు. పొద్దస్తమానం ఇంట్లో మీతో వేగేదెవరు?" అంది కోడలు. ఆ మాటలో నవ్వుంది.

"మరి పరీక్షకి పేరెందుకిచ్చావు?"

"కళ్ల పరీక్షలో మీరు ఆగిపోతారనుకున్నాను. మీరేమో అయిదో వరుస కూడా చదివేశారు."

సరంగుకు సిగ్గేసింది. ఆ సిగ్గు జ్వరం కంటే ఎక్కువగా కాల్చింది.

మర్నాడు ఆయన పడవ విప్పలేదు. పత్రాన్ని అద్దంతో సహా చంకలో పెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. కొలకర్ర లేచి నిలబడి, "రండి రండి, తొంభై ఆరు!" అన్నాడు.

"అయ్యా, నాకు కళ్లు కనిపించవు."

అధికారి ఫైలు తిరగేశాడు. "కనిపిస్తాయి. ఇక్కడ రాసి ఉంది."

"తమరు తొడుక్కున్న చొక్కా ఏ రంగో నాకు తెలీదండీ."

"చొక్కా రంగు పరీక్షలో లేదు."

"నేను మిమ్మల్ని దింపింది రేవులో కాదండీ. వడ్రంగి దొడ్లో."

కలం ఆగిన చప్పుడు వినిపించింది. "అక్కడ నిన్న సాయంత్రమే ప్రధాన రేవు అని బోర్డు పాతించాను. పైకి నివేదిక కూడా పంపించాను."

"విన్నానండీ. పొద్దుటి నుంచి కొత్తవాళ్లంతా పడవ కోసం అక్కడే నిలబడుతున్నారట. ఖాళీగా ఉండటం ఎందుకని మా వడ్రంగి నలుగురి చేతికి రంపాలిచ్చాడట."

గదిలో ఎక్కడో గుమాస్తా దగ్గాడు. సరంగు అద్దం పత్రాన్ని బల్ల మీద పెట్టి, తాపీగా చెప్పాడు. "నాకు కనిపిస్తుందని తమరు రాస్తే, నేను తెలిసే మిమ్మల్ని బురదలో దింపినట్టు. తమరు కళ్లుండి కూడా రేవేదో చూసుకోకుండా తొంభై ఆరు వేసినట్టు. నాకు కనిపించదని రాస్తే తప్పంతా నాది. గుడ్డివాడు ఎక్కడో దింపాడు, పాపం అధికారిగారేం చేస్తారు? ఏది రాసుకుంటారో తమరి ఇష్టం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొలకర్ర చాలాసేపు కొలుచుకున్నాడు.

"ఆవిడకిద్దామంటే, పందొమ్మిది సార్లు వెనక్కి చూసిందే," అన్నాడు చివరికి, నీరసంగా.

"పడవ ఎటు పోతోందో అటే చూసిందండీ. అందులో నమ్మకం లేకపోవడం ఏముంది? పన్నెండు మంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్న మనిషి చూసుకోదా? చూడకుండా నడిపినవాడికి మీరు తొంభై ఆరు వేశారు. నేను కూడా నలభై ఏళ్లు వేసుకున్నాను. ఇద్దరం ఒకటే పొరపాటు చేశాం."

మధ్యాహ్నానికి పత్రం మీద పేరు మారింది. బోర్డు మాత్రం వెంటనే కదల్లేదు. దాన్ని పీకించడానికి వేరే ఫైలు కావాలి.

ఆ మరుసటి పొద్దున సరంగు టికెట్టు కొనుక్కుని పడవెక్కాడు. వెనక కొసన కూర్చున్నాడు. ఎదురుగా కోడలు తెడ్లు ముంచింది. లోతుగా ముంచలేదు, నీళ్లని గీరలేదు, వీపుతోనే లాగింది. చెప్పడానికి ఆయనకు ఏమీ మిగలలేదు.

కొత్త ప్రయాణికుడెవరో, "వెనక్కి తిరిగి కూర్చుని సూటిగా ఎలా పోతారండీ?" అని అడిగాడు.

"అదిగో పొగగొ..." అని మొదలుపెట్టి సరంగు ఆగిపోయాడు. ఈసారి ఎవరూ అబ్బో అనలేదు.

ఆయన కాళ్ల దగ్గర తడుముకుని గొడుగు తీశాడు. మూసిన గొడుగుని తల కంటే ఎత్తుగా, నిటారుగా నిలబెట్టాడు.

"అమ్మాయ్, సరిగ్గా ఉందా?"

ఆమెకు పొగగొట్టంతో పని లేదు. ఈ రెండేళ్లలో ఏ గుర్తులు పెట్టుకోవాలో అవి పెట్టేసుకుంది. అయినా గొడుగును, దాని వెనక దిబ్బ మీది ట్యాంకును ఒకసారి పరీక్షగా చూసింది.

"కొంచెం ఎడమకి, మామయ్యా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది."

పలక కిర్రుమంది. ఆమె తలతిప్పి చూస్తోందన్నమాట. "చూసుకో, బాగా చూసుకో," అన్నాడు ఆయన. అవతలి ఒడ్డు వచ్చేదాకా గొడుగు దించలేదు. సగం దూరానికే చెయ్యి లాగడం మొదలైంది, రేవు చేరేసరికి భుజం పడిపోతున్నట్టయింది. రెండేళ్లపాటు రోజుకు నాలుగుసార్లు, తన తిట్లు వింటూ దీన్ని ఎలా ఎత్తి పట్టుకుందో ఆయనకు అర్థం కాలేదు.